పసివాడికి పెద్దల కొలత

చెర్నోబ్రెగ్,
1988 జనవరి 11

గౌరవనీయులైన స్తోయ్నా గారికి,

వియ్యపురాలికి మొదటిసారి రాస్తున్న ఉత్తరం ఇలాంటిది కావడం నాకూ ఇష్టం లేదు. అయినా ఈ సంగతి మీ అమ్మాయి నోట వినడం కంటే నా చేత్తో రాయడమే మర్యాద అనిపించింది.

మన యావోర్‌కు పుట్టిన మూడో వారంలో సూదిమందు వేశారు. సూది దిగినచోట తొడ నల్లగా కమిలింది. బొడ్డు ఊడినచోట కూడా నాలుగు రోజులు రక్తం చెమరుస్తూనే ఉంది. నేను ఈ ఊరి ఆసుపత్రిలో రక్తపరీక్షల విభాగానికి పెద్దను. నా మనవడి రక్తాన్ని ఇంకొకరి చేతిలో పెట్టి కూర్చోలేను. నేనే తీశాను, నేనే పరీక్ష చేశాను. రక్తం గడ్డకట్టాలంటే ఒంట్లో కొన్ని ప్రోటీన్లు వరసగా ఒకదాన్నొకటి లేపుకుంటూ పోవాలి. వాటిలో తొమ్మిదోది యావోర్‌కు ఉండవలసినదాంట్లో మూడోవంతే ఉంది. నమ్మలేక మళ్ళీ చేశాను. అదే వచ్చింది.

దీన్ని హీమోఫిలియా అంటారు. ఇది కొడుక్కి తల్లి నుంచి వస్తుంది. తల్లికి ఆమె పుట్టింటి నుంచి వస్తుంది.

మా ఫ్లాటు ఐదో అంతస్తులో ఉంది, మెట్లన్నీ రాతివి. మా అబ్బాయి ఒగ్న్యాన్ చేపల ఓడ ఎక్కి వెళ్ళిపోయాడు, సెప్టెంబరు చివరికి గానీ తిరిగి రాడు. నేను పగలంతా ఆసుపత్రిలో ఉంటాను. కాబట్టి మీ అమ్మాయి జ్లాతినానూ బాబునూ మీ దగ్గరికి పంపిస్తున్నాను. శనివారం రైలుకు ఎదురు వెళ్ళండి.

ఒక్కటి అడగాలి. మీ ఇంట్లో మగపిల్లలెవరైనా రక్తం ఆగక చనిపోయారా? పెళ్ళి మాటలప్పుడు ఈ ప్రసక్తి రాలేదు. ఇప్పుడైనా దాచకుండా రాయండి.

ఒగ్న్యాన్‌కు ఇంకా చెప్పలేదు. ఓడకు పంపే వైర్‌లెస్ కబుర్లలో అందరం క్షేమమనే రాయిస్తున్నాను.

ఇట్లు,
డాక్టర్ ఎవ్‌దోకియా రాష్కోవా


దోల్నో క్రుషెవో,
జనవరి 24

వదినగారికి,

కింద డాక్టర్ అని సంతకం పెట్టారు గదా, నేను కూడా "మిరపకాయల డబ్బాల ఫ్యాక్టరీలో మూడో వరస మేస్త్రీ" అని పెడదామనుకున్నాను. నవ్వులాటకు మనసు రాక మానేశాను.

రైలుకు వెళ్ళాను. మంచు మోకాలు దాకా ఉంది. జ్లాతినా బండి దిగడం చూస్తే నా ప్రాణం పోయినట్టయింది. బాబును దూదిలో చుట్టి, దుప్పట్లో చుట్టి, మళ్ళీ తన కోటులో చుట్టి, గాజు సామాను పట్టుకున్నట్టు పట్టుకుంది. "ఇటియ్యవే, నేనెత్తుకుంటా" అన్నాను. "వద్దమ్మా, నువ్వు గట్టిగా పట్టుకుంటావ్, కమిలిపోతాడు" అంది. ముగ్గురు పిల్లల్ని పెంచిన చేతులివి, వదినగారూ. నా మనవణ్ణి ఎత్తుకోవడానికి పనికిరాకుండా పోయాయి.

మీరు అడిగినదానికి జవాబు: మా ఇంట్లో అలాంటివాళ్ళెవరూ లేరు. మా నాన్న ఒకసారి గొడ్డలితో వేలు సగం తెగ్గొట్టుకుని, గుడ్డ చుట్టుకుని, మిగతా కట్టెలన్నీ కొట్టి మరీ లోపలికొచ్చాడు. మా అన్న కడుపు ఆపరేషన్ చేయించుకుని తొమ్మిదో రోజున పెళ్ళిలో చిందులేశాడు. మాది మొద్దు రక్తం, చదువుకోని రక్తం. గడ్డకట్టమంటే కట్టేస్తుంది. కాస్త మీ వైపు కూడా చూసుకోండి. మీ ఇళ్ళల్లో అంతా సున్నితం గదా.

నన్ను అన్నందుకు కాదు, ఐదో అంతస్తు మెట్ల వంక పెట్టి నా పిల్లను గెంటేసినందుకు కోపంగా ఉంది.

స్తోయ్నా


చెర్నోబ్రెగ్,
ఫిబ్రవరి 15

గౌరవనీయులైన స్తోయ్నా గారికి,

మీ కోపాన్ని అర్థం చేసుకోగలను. కానీ కోపంతో రక్తం మారదు.

మా వైపు చూసుకోమన్నారు. అవసరం లేకపోయినా చూశాను. ఇక్కడ పరికరాలన్నిటికీ నేనే బాధ్యురాలిని, నా రక్తాన్ని నేనే పరీక్షించుకున్నాను. తొమ్మిదో ప్రోటీను నాకు నిండుగా నూటికి నూరు ఉంది.

జ్లాతినా పెళ్ళైన కొత్తలో ఒకసారి ఒగ్న్యాన్‌తో అంటుంటే విన్నాను, చిన్నప్పుడే పోయిన మేనమామ ఒకాయన ఉండేవాడని, మీ ముందుగదిలో ఆయన ఫొటో ఉంటుందని. ఆ పిల్లవాడు ఎలా పోయాడు? గొడ్డలి దెబ్బల కథలు కాదు, ఇది రాయండి.

మా ఆసుపత్రి వైద్యుల సమావేశంలో యావోర్ సంగతి చెప్పవలసి వచ్చింది. పేరు చెప్పలేదు గానీ, ఇది చిన్న ఊరు. అందరికీ తెలిసిపోయింది. బజారులో నన్ను పలకరించేవాళ్ళ గొంతు మారింది. ముప్పై ఏళ్ళు తల ఎత్తుకుని నడిచిన దారి అది.

ఎవ్‌దోకియా రాష్కోవా


దోల్నో క్రుషెవో,
మార్చి 6

వదినగారికి,

ఈ ఉత్తరం నాలుగుసార్లు మొదలుపెట్టి పొయ్యిలో వేశాను.

ఉన్నాడు. నా తమ్ముడు లాల్యో. వాడికి ఆరేళ్ళు, నాకు తొమ్మిది. పక్కింటివాళ్ళ గుర్రం కడుపులో తన్నింది. అదే గుర్రం అంతకుముందు ఏడు ఆ ఇంటి పిల్లవాణ్ణి కూడా తన్నింది, వాడు బతికి బట్టకట్టి ఇప్పటికీ బస్సు నడుపుతున్నాడు. మావాడు మాత్రం మర్నాటికల్లా పోయాడు. నోట్లోంచి రక్తం వచ్చింది. మా అమ్మ తలగుడ్డ అడ్డం పెట్టింది, ఆగలేదు.

ఇన్నేళ్ళూ గుర్రం వల్లే పోయాడనుకున్నాం. మీ ఉత్తరం వచ్చాక రాత్రీ పగలూ ఒకటే ఆలోచన. ఆ పిల్లవాడు బతికి, వీడెందుకు పోయాడు? ఉండే ఉంటుంది. వాడికీ అదే ఉండి ఉంటుంది. మా అమ్మ నుంచి వాడికి, మా అమ్మ నుంచి నాకు, నా నుంచి జ్లాతినాకు. ఇంత చెడ్డ సొత్తు నా ఒంట్లో పెట్టుకుని తిరుగుతూ, ముగ్గుర్ని కని, ఇద్దరికి పెళ్ళిళ్ళు చేశాను.

మీకు మొదటి ఉత్తరంలో అబద్ధం రాశాను. నాకు సిగ్గుగా ఉంది. అది రాసేటప్పుడు లాల్యో గోడ మీంచి నన్నే చూస్తున్నాడు. అందుకని ఫొటో తీసి పెట్టెలో పెట్టేశాను. జ్లాతినా పొద్దున లేచి, గోడ మీద తెల్లగా మిగిలిన చోటు చూసి, "మామయ్యేడమ్మా?" అంది. "అద్దం పగిలింది, బాగు చేయించాలి" అన్నాను. అది నన్ను ఒక చూపు చూసింది.

వదినగారూ, మీ కాళ్ళు పట్టుకుంటాను. నా మీద ఏమన్నా అనుకోండి. నా పిల్ల కాపురం మాత్రం చెడగొట్టకండి.

స్తోయ్నా


చెర్నోబ్రెగ్,
మార్చి 19

స్తోయ్నా గారికి,

నిజం రాసినందుకు కృతజ్ఞతలు. నాకు కావలసిన ఆధారం దొరికింది. ఆరోగ్యంగా ఉన్న పిల్లవాడు గుర్రం ఒక్క తాపు తన్నితే పోడు.

నిష్ఠూరమైనా చెప్పాలి. ఒగ్న్యాన్ నా ఒక్కగానొక్క కొడుకు. వాడి తండ్రి పోయాక వాడి కోసమే బతికాను. జ్లాతినాకు ఇంకో కొడుకు పుడితే వాడికీ ఇది రావచ్చు, కూతురు పుడితే ఆమె ద్వారా ఇంకా ముందుకు పోవచ్చు. ఒగ్న్యాన్ మంచివాడు, తనంతట తాను భార్యను వదలడు. కాబట్టి మీ అమ్మాయే పెద్ద మనసు చేసుకుని, అతను ఓడ దిగగానే విషయం చెప్పి విడాకులు తీసుకోవాలి. బాబు వైద్యం బాధ్యత అంతా నాది.

దీని మీద మళ్ళీ వాదనలు రాయవద్దు.

ఎ. రాష్కోవా


దోల్నో క్రుషెవో,
మే 8

వదినగారికి,

వాదించడానికి కాదు, సంగతులు చెప్పడానికి రాస్తున్నాను.

మీ ఉత్తరం జ్లాతినాకు చూపించాను. చదివి మడతపెట్టి, "ఆవిడ చెప్పింది నిజమే కదమ్మా" అంది. అంతే. కేకలేస్తుందేమో, ఏడుస్తుందేమో అని కాచుకుని ఉంటే, ఆ మాట అని లేచి పాలు కాచింది. ఒగ్న్యాన్‌కు ఉత్తరం రాయవే అంటే "నా రక్తం బాగాలేదని ఏమని రాయను" అంటుంది. రెండు నెలలుగా వాకిలి దాటలేదు. నూతి దగ్గర ఆడవాళ్ళు "పాపం, పిల్లవాడికి జబ్బటగా" అని నన్ను ఆపి మరీ అడుగుతున్నారు. వాళ్ళ కంట పడకుండా నేనూ వెనక సందు వెంట తిరిగి వస్తున్నాను. ఫ్యాక్టరీలో నలభైమంది ఆడవాళ్ళను గదమాయించే దాన్ని నేను!

యావోర్ మాత్రం ఇవేవీ పట్టించుకోడు. పాకుతున్నాడు. జ్లాతినా ఇల్లంతా దుప్పట్లు పరిచింది. మొన్న దుప్పటి దాటుకుని పోయి, కుంపటి అంచుకు మూతి కొట్టుకున్నాడు. పెదవి చిట్లి రక్తం వచ్చింది. జ్లాతినా చేతులూ కాళ్ళూ ఆడక నిలబడిపోయింది. నేను గుడ్డ తడిపి తెచ్చేలోపల రక్తం ఆగిపోయింది. వాడు ఏడుపు మానేసి మళ్ళీ కుంపటి వైపే బయల్దేరాడు.

నేను చదువుకోలేదు. ఇది ఎలా జరిగిందో మీరే చెప్పాలి.

స్తోయ్నా


చెర్నోబ్రెగ్,
జూన్ 12

ప్రియమైన స్తోయ్నా గారికి,

కులాసాగా ఉన్నారని తలుస్తాను. ఇక్కడ పది రోజులుగా వాన. సముద్రం బురద రంగులో ఉంది. చెర్రీలు ఈ ఏడు బాగా కాశాయి, జామ్ చేశాను. రెండు సీసాలు పంపిస్తున్నాను. యావోర్‌కు నీలం స్వెటర్ అల్లాను. చేతులు పొడుగైతే మడతపెట్టండి.

వాడి పెదవి మానిందా? పళ్ళు వస్తున్నాయా? మీ జిల్లా ఆసుపత్రిలో నాకు తెలిసిన డాక్టరమ్మ ఉన్నారు. వీలైతే బాబును ఒకసారి ఆమె దగ్గరికి తీసుకెళ్ళండి. కాస్త రక్తం తీసి నాకు పంపుతారు. కంగారేమీ లేదు, మామూలుగానే.

ఇంతకు ముందు రాసిన నిర్ణయాల సంగతి కొన్నాళ్ళు పక్కన పెడదాం. జ్లాతినాను ఒళ్ళు జాగ్రత్తగా చూసుకోమనండి.

మీ
ఎవ్‌దోకియా


దోల్నో క్రుషెవో,
జూన్ 26

వదినగారికి,

రక్తం ఇప్పించాను. మీరు చెప్పిన డాక్టరమ్మ మంచిది, వాడి చేతిలో చెంచా పెట్టి ఏమార్చి తీసింది.

ఇక అసలు సంగతి. ఆర్నెల్లుగా ఒక్కో ఉత్తరం కత్తిపీటలా పంపిన మనిషి, ఇప్పుడు వాన గురించి, చెర్రీల గురించి రాస్తే మాకెలా ఉంటుంది? జ్లాతినా ఆ స్వెటర్ విప్పి చూసి గోడకు ఆనుకుని కూలబడింది. "అమ్మా, ఆవిడ ఇంత ప్రేమగా రాశారంటే వీడు బతకడని తెలిసిపోయింది, అందుకే మళ్ళీ రక్తం అడిగారు" అంది. ఆ రోజు నుంచి అన్నం ముట్టడం లేదు. పిల్లవాణ్ణి ఒడిలోంచి దింపడం లేదు.

మీరు ఏం కనుక్కున్నారు? ఎంత చెడ్డదైనా సరే, చెప్పండి. జామ్‌లో పెట్టి చెప్పకండి.

స్తోయ్నా


చెర్నోబ్రెగ్,
జులై 4

వదినా,

యావోర్ చావడు. వాడికి ఏ జబ్బూ లేదు. ముందు ఈ వాక్యం జ్లాతినాకు చదివి వినిపించండి. మిగతాది తర్వాత చదవవచ్చు.

మీరు పంపిన రక్తం నిన్న పరీక్షించాను. తొమ్మిదో ప్రోటీను తొంభైకి దగ్గరగా ఉంది. వాడి వయసుకు అది మామూలే. పుట్టిన కొత్తలో ఉన్నది కూడా అప్పటి వయసుకు మామూలే. తప్పు నాది.

నెమ్మదిగా చెప్తాను. మే నెలలో మా ప్రసూతి వార్డు నుంచి ఒక పసిబిడ్డ రక్తం వచ్చింది. తొమ్మిదోది తక్కువ. ఊళ్ళో రెండో హీమోఫిలియా అనుకున్నాను. వారానికి ఇంకొకటి వచ్చింది, అదీ అంతే. ఆ బిడ్డ ఆడపిల్ల. ఈ జబ్బు ఆడపిల్లకు రావడం చాలా అరుదు. కాన్పుల గదిలో బొడ్డుతాడు కోశాక మిగిలే రక్తాన్ని, నిక్షేపంలా ఉన్న బిడ్డలదే, రోజూ తెప్పించుకుని చూశాను. అందరికీ తక్కువే. నా లెక్క ప్రకారం ఆ వార్డులో పుట్టిన ప్రతి బిడ్డా రోగే.

అప్పుడు రాజధాని సోఫియాకు వెళ్ళి వైద్య గ్రంథాలయంలో కూర్చున్నాను. సముద్రాల అవతల ఎవరో ఆరోగ్యంగా ఉన్న పసిపిల్లల రక్తాన్నే రోజుల వారీగా, నెలల వారీగా కొలిచారు. పుట్టిన బిడ్డ కాలేయం ఇంకా ముదరదు. రక్తాన్ని గడ్డకట్టించే ప్రోటీన్లలో చాలా వాటిని పెద్దవాళ్ళలో సగమో, అంతకంటే తక్కువో మాత్రమే తయారు చేస్తుంది. అవి నెలనెలా పెరుగుతాయి. తొమ్మిదోది పెద్దల స్థాయికి రావడానికి ఆర్నెల్లు, ఒక్కోసారి ఇంకా ఎక్కువే పడుతుంది. కొన్ని ప్రోటీన్లయితే పిల్లలు యుక్తవయసుకు వచ్చేదాకా పెద్దల లెక్కకు రావు. మరి పిల్లలు రక్తం కారి పోరా అంటే, పోరు. గడ్డ ఎక్కువ కట్టకుండా ఆపే ప్రోటీన్లు కూడా వాళ్ళలో అలాగే తక్కువ. ఇటూ తక్కువ, అటూ తక్కువ, త్రాసు సరిగానే నిలుస్తుంది. పసివాళ్ళ రక్తం లోపమున్న పెద్దల రక్తం కాదు. అది వేరే రక్తం. పెరిగేకొద్దీ మారుతుంది. అంతే. బొడ్డు దగ్గర చెమర్చడం, సూది దగ్గర కమలడం ఎందరు పిల్లలకో జరిగేవే.

నేను దేనితో పోల్చానో కూడా చెప్పాలి. మామూలు రక్తం ఇదీ అని కొలవడానికి మా దగ్గర ఒక మిశ్రమం ఉంటుంది. దాన్ని బయటి నుంచి తెప్పించం. పొద్దున్నే కాఫీ తాగకముందు మా విభాగంలో వాళ్ళమే వరసగా కూర్చుని చేతులు చాపి, రక్తం తీసి కలుపుతాం. దాన్నే నూరు అనుకుంటాం. అందులో సగం పైగా నా రక్తమే, ఎందుకంటే అమ్మాయిలకు సూది భయం, నాకు గర్వం. నాకు నూటికి నూరు వచ్చిందని మీకు గొప్పగా రాశాను. నా రక్తాన్ని నా రక్తంతో కొలిస్తే నూరు రాక ఏం వస్తుంది? యాభై ఎనిమిదేళ్ళ ముసలిదాని రక్తం పక్కన మూడు వారాల పిల్లవాడి రక్తాన్ని పెట్టి, వీడికి నా అంత లేదని తీర్పు చెప్పాను.

ఇది నాకు మే చివరికే తెలిసింది. అయినా జూన్‌లో మీకు వాన గురించి రాశాను. మళ్ళీ ఒకసారి రక్తం చూసి నిర్ధారించుకుందామని నాకు నేను చెప్పుకున్నాను. అది అబద్ధం. ఎలా రాయాలో తెలియక, సిగ్గుతో చచ్చి రాయలేదు. ఆ సిగ్గు వల్ల జ్లాతినా ఇంకో నెల ఏడ్చింది. స్వెటర్ అల్లుతూ కూర్చున్నాను, ఏం మనిషిని!

మీ లాల్యో గురించి ఒక మాట రాశాను. ఆరోగ్యంగా ఉన్న పిల్లవాడు గుర్రం ఒక్క తాపు తన్నితే పోడని. పోతాడు, వదినా. తాపు ఎక్కడ తగిలిందన్నదాన్ని బట్టి ఎంత ఆరోగ్యంగా ఉన్నవాడైనా పోతాడు. అది నాకు అప్పుడూ తెలుసు. మీ అమ్మ పోగొట్టుకున్న పిల్లవాణ్ణి నా వాదనకు ఆధారంగా వాడుకున్నాను.

ఆసుపత్రి సమావేశంలో నిన్న ఇదంతా చెప్పాను. వెళ్ళేటప్పుడు ఒకాయన నా చేతిసంచి అందించాడు, ఎప్పుడూ అందించనివాడు. అది తిట్టినదాని కంటే ఎక్కువగా తగిలింది.

జ్లాతినాను ఏమడగాలో నాకు తెలియదు. ఏమీ అడగను.

మీ
ఎవ్‌దోకియా


దోల్నో క్రుషెవో,
జులై 17

వదినగారికి,

మీరు చెప్పినట్టే మొదటి వాక్యం చదివి వినిపించాను. జ్లాతినా "మళ్ళీ చదువమ్మా" అంది. మళ్ళీ చదివాను. పిల్లవాణ్ణి దింపి, నేల మీద దుప్పట్లన్నీ ఎత్తి చుట్టి, పెరట్లో పారేసి వచ్చింది. తర్వాత మిగతా ఉత్తరం తనే చదువుకుంది. సాయంత్రం రెండు గిన్నెల పెరుగుతో రొట్టె తింది.

తిట్టాలనే కాగితం తీశాను. నా దగ్గర తిట్లకు కొదవ లేదు, ఫ్యాక్టరీలో అడగండి. కానీ కలం పట్టుకుంటే చేతికి రావడం లేదు. వచ్చేది ఇంకొకటి. మీరు పరీక్ష చేసి తప్పు చెప్పారు. నేనేం పరీక్ష చేశాను? మీ కాగితం ఒకటి వస్తే చాలు, నా తమ్ముణ్ణి గోడ మీంచి దింపేశాను. ఆ గుర్రం తన్నినప్పుడు చూసింది నేను. వాడి కడుపు మీద లాడం అచ్చు చూసింది నేను. పక్కింటి పిల్లవాడికి తగిలింది తొడ మీద. అది నాకు తెలుసు. తెలిసీ మీకు రాయలేదు. ఎవరో ఒకరి మీద పడితే నా మీద, నా పిల్ల మీద బరువు తగ్గుతుందని, చచ్చిపోయినవాణ్ణి చూపించాను. వాడు తిరిగి మాట్లాడలేడు గదా.

మొన్న ఫొటో తీసి గోడకు పెట్టబోతే జ్లాతినా చేయి పట్టుకుంది. "నువ్వు పెట్టకమ్మా, నేను పెడతా" అంది. నాకు చెప్పుకోడానికి మొహం లేదు.

యావోర్ గోడలు పట్టుకుని నడుస్తున్నాడు. పట్టు వదిలి తొలి అడుగులు వేశాక, సెప్టెంబరు మొదటి ఆదివారం వాడి ముందు రొట్టె దొర్లించి అడుగుల రొట్టె పండగ చేస్తాను. ఊరంతా వస్తారు. మీరూ రండి. చీకట్లో వచ్చి చీకట్లో పోవడం కాదు, పట్టపగలు పెద్ద వాకిట్లోంచి రండి. పిల్లవాడికి జబ్బన్న మాట మొదట వచ్చింది మీ నోటి నుంచే, జబ్బు లేదని కూడా ఊరికి మీ నోటితోనే చెప్పండి. రాకపోతే ఇక మనకు ఉత్తరాలు అనవసరం.

స్తోయ్నా


దోల్నో క్రుషెవో,
సెప్టెంబరు 6

వదినా,

బస్సులో కుదుపులకు నడుం పట్టేసి ఉంటుంది. మీరు వెళ్ళాక ఇక్కడ ఏం జరిగిందో మీరు తెలుసుకోవాలి, అందుకే వెంటనే రాస్తున్నాను.

మీరు వస్తారని నేను అనుకోలేదు. ఆ నల్ల కోటుతో, ఆ ఎండలో, వాకిట్లో నిలబడి, "ఈ పిల్లవాడి రక్తం మంచిది, వాడి తల్లి రక్తం మంచిది, కొలవడం రానిది నాకు" అని ఊరందరి ముందు అన్నారు. నూతి దగ్గర నన్ను ఆపి అడిగిన ఆడవాళ్ళంతా నేల చూపులు చూశారు. బస్సు నడిపే మా పక్కింటివాడు ఊరుకోలేక, "డాక్టరమ్మా, నా రక్తం కూడా కొలవండి, అందులో సగం ద్రాక్షసారా ఉంటది" అన్నాడు. అప్పుడు గానీ ఎవరూ ఊపిరి పీల్చుకోలేదు.

రొట్టె దొర్లించినప్పుడు యావోర్, ఏది పట్టుకుంటే ఆ పనివాడవుతాడని బల్ల మీద పెట్టిన కత్తెర, కలం, సుత్తి ఏదీ ముట్టకుండా తిన్నగా రొట్టె దగ్గరికే పోయి కూలబడి పీక్కుతినడం మీరూ చూశారు. "వీడు ఫ్యాక్టరీ క్యాంటీనుకే" అని అందరూ నవ్వారు. మీరు నవ్వుతూ నవ్వుతూ మొహం అటు తిప్పుకున్నారు. చూశాను.

మీరు బస్సెక్కాక గిన్నెలు కడుగుతున్నాం. జ్లాతినా మీతో పొద్దుటి నుంచి మూడు మాటలు మాట్లాడిందో లేదో. అప్పుడు అడిగింది:

"అమ్మా, ఆవిడ కొలత తప్పు కాకపోతే?"

"అంటే?"

"నా రక్తం నిజంగానే బాగాలేకపోతే, యావోర్‌కు నిజంగానే జబ్బుంటే, ఆవిడ ఇవాళ వచ్చేదా? మా ఇద్దర్నీ ఇంటికి రానిచ్చేదా?"

నేను పళ్ళెం తుడుస్తూ నిలబడ్డాను.

"నువ్వు మామయ్యను మళ్ళీ గోడకు పెట్టేదానివా?"

వదినా, నాకు అరవై ఏళ్ళు. ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేకపోలేదు. ఉంది. చెప్పాను. "పెట్టేదాన్ని కాదు తల్లీ" అన్నాను. నా కూతురు ముందు అంత తలదించుకున్న రోజు నాకు ఇంకోటి లేదు. అది ఏడ్చింది, నేనూ ఏడ్చాను. తర్వాత కలిసి గిన్నెలు సర్దుకున్నాం.

మీ వంతు ప్రశ్న మీకు పంపమంది. ఒగ్న్యాన్ ఓడ దిగాక మీ ఇంటికి రావాలో, వేరే ఇల్లు చూసుకోవాలో, అసలు అతనితో ఎలా మాట్లాడాలో, మీ జవాబు విన్నాక ఆలోచిస్తానంది. తియ్యటి మాటలు వద్దంది.

స్తోయ్నా


చెర్నోబ్రెగ్,
సెప్టెంబరు 12

వదినా,

జ్లాతినాకు చెప్పండి: వచ్చేదాన్ని కాదు. ఇంటికి రానిచ్చేదాన్నీ కాదు. కొలత తప్పు కాకపోయి ఉంటే ఈపాటికి విడాకుల కాగితాలు సిద్ధం చేసి ఉండేదాన్ని, నేను చేసింది సరైనదేనని నిద్రపోయేదాన్ని కూడా. నేను పడుతున్న సిగ్గులో పెద్ద భాగం లెక్క తప్పినందుకు కాదు. ఆ లెక్క ఇంకెవరైనా తప్పేవారే. పిల్లవాడు నిజంగా రోగి అనుకున్న ఆ ఐదు నెలల్లో, నేను ఒక్కసారి కూడా వాణ్ణి చూడటానికి రాలేదు. డాక్టర్నై ఉండి.

ఒగ్న్యాన్‌కు అన్నీ రాశాను, ఓడ చివరి రేవులో ఆగినప్పుడు అందుతుంది. ఏదీ తగ్గించి రాయలేదు. అతని చలికాలం బట్టలు రెండు పెట్టెల్లో సర్ది రైల్లో మీ అడ్రసుకు పంపాను. ఏ ఇంట్లో విప్పుకోవాలో వాళ్ళిద్దరూ అనుకుంటారు.

ఓడ ఇరవై ఎనిమిదో తేదీన బుర్గాస్ రేవుకు వస్తుంది. వాడు మొదటిసారి సముద్రానికి వెళ్ళినప్పటి నుంచి ప్రతిసారీ రేవులో ముందు వరసలో నిలబడేది నేనే. ఈసారి నేను వెళ్ళడం లేదు. జ్లాతినాను వెళ్ళమనండి, బాబును నడిపించుకుని.

ఎవ్‌దోకియా